ట్యాంకుకు బొట్టు

మొన్న దసరా నాడు పొద్దుగాల మా తమ్ముని కొడుకు కొత్తగ కొన్న జేసీబీకి పూజ చేస్తుంటే నేను పక్కపొంటి కుర్చీ ఏసుకొని కూసున్న. ముంగట బంతిపూల దండ, అద్దానికి పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. గప్పుడే ఫోన్ మోగింది. గోవా నుంచి మా పాత స్టోర్ కీపర్. ఖతార్‌ల ఒక్క షెడ్డుల పనిచేసినోళ్ళం. క్రిస్మస్‌కు తప్ప ఫోన్ చెయ్యని మనిషి దసరాకు చేసిండంటేనే నాకు అనుమానం తగిలింది.

"మన కర్నల్ సాబ్ పోయిండు భాయ్" అన్నడు హిందీల.

నేను ఆ నిమ్మకాయల దిక్కే చూసుకుంట ఇన్న. ఇంకే దినమన్న చెప్పరాదా, దసరా నాడే చెప్పాలెనా? స్టోర్ కీపర్ ఇంకో ముచ్చట సుత చెప్పిండు. అది ఎన్క చెప్త. ముందుగాల ఆ మనిషి ఎసొంటోడో తెల్వాలె గదా.

అమెరికా ఫౌజ్ మనిషి, ఆయన పేరు అంగీ మీద కుట్టి ఉండేది. మాలో ఎవ్వలకు నోరు తిరుగకపోయేది. అందుకే కర్నల్ సాబ్ అన్నం. నిజానికి ఆయన ఇంకా పూరా కర్నల్ కాలేదు, ఒక మెట్టు కిందనే ఉన్నడు. గా సంగతి మాకు చానా రోజులకు తెలిసింది. మా లెక్కల అయితే ఆయనకు ప్రమోషన్ ఎప్పుడో అయిపోయింది.

అవి తొంభైల దినాలు. కువైట్ లడాయి ఒడిసినంక, మళ్ళెప్పుడన్న లడాయి వస్తే అక్కరకొస్తయని అమెరికోళ్ళు ట్యాంకులను ఓడల మీద మెసయీద్ రేవుకు తెచ్చి, దోహా అవతల ఇసుకల పెద్ద పెద్ద షెడ్లల్ల దాచిపెట్టిన్రు. వాటిని కడుగుడు, గ్రీసు పెట్టుడు, బ్యాటరీలు చార్జింగ్ పెట్టుడు, అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఇంత ముంగటికి ఇంత ఎన్కకు జరుపుడు, ఇదీ మా డ్యూటీ. జరుపకపోతే చక్రాలకున్న రబ్బరు మొద్దువారుతది. "లడాయి లేదు గని లడాయి సామాన్లకు చాకిరి మాత్రం తప్పుతలేదు" అని రాజన్న కాక గునుగుకుంట చేసేటోడు.

రాజన్న కాక అంటే మా నాయనకు వరుసకు తమ్ముడు. కోరుట్ల దిక్కు ట్రాక్టర్ మెకానిక్. నాకంటె ముందుగాల పోయి, కంపెనీల నమ్మకం సంపాయించుకొని, నాకు వీసా పంపింది ఆయనే. మాట గరుకు, మనసు మెత్తన. ఇంగ్లీషు రాదు, హిందీ సగం వచ్చు, అరబీల యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు, గీ రెండు తప్ప ఏం తెల్వది. గా మూడింటితోనే అమెరికా సాబ్‌తోని దోస్తానా చేసిండు.

కర్నల్ సాబ్ పొడుగు మనిషి, వీపు కొద్దిగ ఒంగి ఉండేది. ఎండకు చెవులు ఎర్రగ కమిలిపోయి ఉండేటివి. పెద్దసాబ్‌లందరు ఏసీ క్యాబిన్ల కూసుంటే ఈయన షెడ్డుల బోర్లిచ్చిన రంగు డబ్బా మీద కూసునేటోడు. దాని మీద ఇంకెవ్వలన్న కూసుంటే రాజన్న కాక లేపేటోడు. "లే రా, అది సాబ్ కుర్చీ" అని.

పొద్దుగాల మేము "హౌ ఆర్ యూ సార్" అంటె ఆయన జవాబు ఎప్పుడూ ఒక్కటే. "స్టిల్ హియర్." ఇంకా ఈన్నే ఉన్న, అని. నవ్వుకుంట అన్నట్టు కాదు, ఏడ్చుకుంట అన్నట్టు కాదు. బస్టాండుల కూసున్న మనిషిని పలుకరిస్తే "ఇంకా బస్సు రాలే" అన్నట్టు అనేటోడు. మొదట్ల మాకు నవ్వొచ్చేది. రెండో ఎండకాలం వచ్చేసరికి మేము సుత ఒకల్నొకలం గట్లనే పలుకరించుకోబట్టినం.

ఇంకో అలవాటు ఉండె. ఏ ట్యాంకును స్టార్ట్ చేసి బంద్ చేసినా, ఎన్క పక్క ఇనుము మీద అరచెయ్యి ఆనిచ్చి నిలబడేటోడు. ఇనుము చల్లారెదాక తియ్యకపోయేది. అందరు చాయ్‌కి పోయినా ఆయన గట్లనే ఉండేటోడు.

"ఏంది సాబ్, దానికి జరం వచ్చిందా?" అని రాజన్న కాక ఒకపారి హిందీల అడిగిండు. స్టోర్ కీపర్ ఇంగ్లీషుల చెప్పిండు. సాబ్ చెయ్యి తియ్యకుండనే అన్నడు: "ఒక్కసారిగ ఇడిచిపెట్టి పోవుడు మంచిగ అనిపియ్యది."

చాయ్ కాడ సులేమానీల, అంటే పాలు లేని చాయ్‌ల, బొచ్చెడు చక్కెర పోసుకొని, చిన్న చాకుతోని గోర్లల్ల గ్రీసు గీక్కుంట ముచ్చట్లు చెప్పేటోడు. పెద్ద ముచ్చట్లు కావు. వియత్నాంల పోరగాడుగ దిగేసరికి లడాయి ఆఖరుకొచ్చిందట. ఎన్క జర్మనీల మంచుల కూసున్నడట. రష్యావోడు అస్తడు అస్తడని ఏండ్లకేండ్లు కూసున్నడట. "రాలే" అన్నడు, అంతే. మళ్ళ కువైట్ లడాయిల దిగితే వారం తిరుగకముందే ఒడిసిందట. ఇప్పుడు ఈ ట్యాంకుల కాడ కాపలా.

"జిందగీ అంత తయారుగ ఉండుడే అయింది" అన్నడు ఒకసారి. గా మాటకు మా రాజన్న కాక నెత్తి గోక్కున్నడు. మేము సుత అంతే గదా. ఊరికి పోదామని తయారుగ ఉండుడు, పోకుండ ఉండుడు.

ఆయన భార్య అమెరికాల ఉండె. దోహాల అల్ ఘర్రాఫా బస్తీల ఆయనకు విల్లా ఇచ్చిన్రు గని అండ్ల ఒక్కడే. ఫౌజీలకు ఇండ్లు మారుడు ఎక్కువట. ఏ కొత్త ఇంటికి పోయినా ఆమె పాత కర్టెన్లు తీసుకపోయి కిటికీలకు పెట్టి చూసేదట. ఒక ఇంట్ల పొట్టిగ అయితే ఇంకో ఇంట్ల పొడుగు. "మా ఆవిడ కర్టెన్లు ఇప్పటిదాక ఏ ఇంటికి సరిపోలే" అని చెప్తుంటే మేము నవ్వినం. ఆయన నవ్వలే. నవ్వినందుకు మాకే సిగ్గయింది.

రాజన్న కాకకు ఆయన మీద అంత పాణం ఎందుకంటే ఒక కారణం ఉన్నది. కాక తల్లి సచ్చిపోయిందని ఊరి నుంచి కబురొచ్చింది. మేనేజర్ సెలవియ్యలే. కాక పోయి కర్నల్ సాబ్‌ను అడిగిండు. సాబ్ మేనేజర్‌కు ఫోన్ చేసిండు, మాట్లాడిండు, మళ్ళ మాట్లాడిండు. పని కాలే. కంపెనీ వేరే, ఫౌజ్ వేరే, ఆయన మాట ఆడ నడువది. తిరిగొచ్చి "నాతోని కాలేదు మిస్టర్ రాజన్నా" అని చెప్పిండు.

మిస్టర్ రాజన్న! ఆ ఖతార్‌ల మా కాకను ఆ తీరుగ పిలిచిన మనిషి ఇంకొకడు లేడు. చెప్పి పోలే. డబ్బా పక్కకు జరిపి, కాక పక్కన కింద బండల మీదనే కూసున్నడు. కాక ఏడ్చినంతసేపు ఏడ్చిండు. సాబ్ వీపు తట్టలే, ఊకోమనలే. ఆఖరుకు ఒక్క మాట చెప్పిండు. తన తండ్రి పోయినప్పుడు తాను జర్మనీల ఉన్నడట, పోనియ్యలేదట. గంతే. పని చెయ్యలేకపోయిన మనిషి మీద అంత ప్రేమ పుడ్తదని నాకు ఆ రోజే తెలిసింది.

ఇగ ఆ ఏడు దసరా ముంగట స్టోర్ కీపర్ ఒక ముచ్చట మోసుకొచ్చిండు. అమెరికా నుంచి జనరల్ అస్తుండు. షెడ్లన్ని చూస్తడు. ఆయన మంచిగ రాస్తే మన సాబ్‌కు ప్రమోషన్. రాయకపోతే ఇదే ఆఖరు, మూట ముల్లె సదురుకొని ఇంటికి పోవుడే. "ఇప్పుడు కాలర్ మీద ఆకు గుర్తు ఉన్నది సూడు, అది పోయి గద్ద గుర్తు రావాలె" అని చెప్పిండు.

రాజన్న కాకకు ఆ గద్ద పట్టుకున్నది. కడుగుతుంటే గద్ద, తింటుంటే గద్ద. "ముప్పై ఏండ్లాయె గావచ్చు, మనిషి దేశాలు పట్టుకొని తిరుగవట్టె. ఒక్క గద్ద ఇస్తే వాళ్ళ సొమ్మేం పోతది రా?" అని నన్ను కోపం చేసేటోడు. నేనే ఆపినట్టు!

భయం ఇంకొకటి ఉండె. మా షెడ్డు మొదట్ల ఒక ట్యాంకు ఉండేది, దానికి మేము మొండిది అని పేరు పెట్టినం. బుద్ధి పుడితే స్టార్ట్ అయితది, పుట్టకపోతే లేదు. ఎన్ని పార్టులు మార్చినా అంతే. వచ్చిన జనరల్ ఏ ట్యాంకు చూపిస్తే అది అక్కడికక్కడ స్టార్ట్ కావాలె. కర్మగాలి మొండిదాన్నే చూపిస్తే?

జనరల్ వచ్చేది దసరా తెల్లారి. దసరా నాడు పొద్దుగాల చాయ్ టైముల రాజన్న కాక పౌడర్ డబ్బాల దాసుకున్న కుంకుమ తీసిండు. మెస్సు కాడ వంటాయనను అడిగి నిమ్మకాయలు తెచ్చిండు. ఆ దేశంల బయట పూజలు చెయ్యద్దు. మా దేవుండ్లు సుత క్యాంపుల బీరువా తలుపు లోపలనే ఉండేటోళ్ళు. తెలిస్తే వీసా క్యాన్సిల్. నేను "వద్దు కాకా, నీకు దండం పెడ్త" అన్న. "పనిముట్లకు బొట్టు లేని దసరా ఏం దసరా రా" అని మొండిదాని తోపు కింద, ఇసుక రంగు ఇనుము మీద, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టిండు. పసుపు మూడు గీతలు గీసిండు. చక్రాల మీది రెండు ఇనుప పట్టీల ముంగట రెండు నిమ్మకాయలు పెట్టి చేతులు జోడించి కండ్లు మూసుకున్నడు.

కండ్లు తెరిసేసరికి ఎదురుంగ కర్నల్ సాబ్ ఉన్నడు.

సాబ్ టోపీ తీసి, లోపలి పట్టీ తుడుసుకొని, నిమ్మకాయల దిక్కు చూసి "ఇదేంది మిస్టర్ రాజన్నా?" అన్నడు. కాక తన హిందీల, నేను నా ఇంగ్లీషుల ఏదో చెప్పినం. పండుగ, పనిముట్లకు మొక్కుడు, బండి మంచిగ నడువాలని మొక్కుడు. గద్ద ముచ్చట చెప్పలే. ఎట్ల చెప్తం?

"రేపు జనరల్ వస్తుండు. తుడువాలె గదా" అన్నడు సాబ్.

కాక చేతులు పట్టుకున్నంత పని చేసిండు. "పెట్టిన బొట్టు పెట్టిన నాడే తుడువద్దు సాబ్. అరిష్టం. రేపు పొద్దు పొడువంగనే నేనే తుడుస్త. నిమ్మకాయలు సుత తీసేస్త."

సాబ్ టోపీ మళ్ళ పెట్టుకున్నడు. "సరే. రేపు పొద్దుగాల" అన్నడు. పోయి డబ్బా మీద కూసున్నడు.

ఇగ చూడుండ్రి మా నసీబు. రేపు రావల్సిన జనరల్ ఆ మధ్యాహ్నమే దిగిండు. ముందుగాల చెప్పకుండ వచ్చుడు పెద్దోళ్ళకు సరదానట. ఎన్క మా మేనేజర్, పక్కకు కర్నల్ సాబ్. షెడ్డుల అడుగు పెట్టంగనే మొదలు కనపడేది మొండిదే. కుంకుమబొట్టు ఎర్రగ కొట్టొచ్చినట్టు కనపడవట్టె.

"ఇదేంది?" అన్నడు జనరల్.

మేనేజర్ మొఖంల నెత్తురు చుక్క లేదు. "ఎవలు చేసిన్రో ఇప్పుడే ఇంటికి పంపిస్త సార్" అని మా దిక్కు మళ్ళిండు. రాజన్న కాక తల ఒంచుకొని నిలబడ్డడు. పెట్టె సదురుకునుడే ఇగ అనుకున్న.

"నేనే ఒప్పుకున్న సార్" అన్నడు కర్నల్ సాబ్. గొంతు పెంచలే. "ఇయ్యాల వీళ్ళ పండుగ. పనిముట్లకు మొక్కుతరు."

"తుడిపియ్యి" అన్నడు జనరల్.

మేనేజర్ ఉరికొచ్చి కాక చేతుల గుడ్డపేలిక పెట్టిండు. కాక ఆ గుడ్డ పట్టుకొని బొట్టు ముంగట నిలబడ్డడు. చెయ్యి లేస్తలేదు. కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి. తుడిస్తే సాబ్‌కు అరిష్టం, తుడువకపోతే సాబ్‌కు జనరల్ కోపం తగులుతది. ఏం చేస్తడు పాపం?

కర్నల్ సాబ్ వచ్చి, కాక చేతుల గుడ్డ తీసుకొని, మడతపెట్టి తన ప్యాంటు జేబుల పెట్టుకున్నడు. "రేపు పొద్దుగాల సార్. రేపు అని ఈయనకు నేను చెప్పిన."

జనరల్ ఆయన దిక్కు, బొట్టు దిక్కు చూసి "ఈ ట్యాంకు మనదా, ఆయనదా?" అన్నడు.

"మనదే సార్. దినాం తుడిచేది ఆయన" అన్నడు సాబ్. ఎదురు చెప్పినట్టు లేదు ఆ మాట. చానా దూరం నడిచొచ్చిన మనిషి, ఇంకొక్క అడుగు సుత నాతోని కాదు అన్నట్టు ఉండె.

"అయితే దీన్నే స్టార్ట్ చెయ్యి" అన్నడు జనరల్.

మొండిది ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది! ఈల లేసినట్టు లేసి షెడ్డంత మోగింది. ముంగటికి కదిలింది. పట్టీల కింద నిమ్మకాయలు పిసికిపోయి ఆ డీజిల్ వాసనల పుల్లటి వాసన లేసింది. రాజన్న కాక మొఖం చూడాలె అప్పుడు! మా పూజ పారిందని మేము మురిసిపోయినం. పిచ్చోళ్ళం. జనరల్ ఒక్క మాట మాట్లాడకుండ ఎల్లిపోయిండు. కర్నల్ సాబ్ ఎప్పటి లెక్కనే ఎన్కకు పోయి ఇనుము మీద చెయ్యి ఆనిచ్చిండు.

తెల్లారి పొద్దుగాల జేబుల నుంచి ఆ గుడ్డ తీసి కాకకు ఇచ్చిండు. కాక తుడిచిండు. మేనేజర్ కాక జోలికి మళ్ళ రాలే, సాబ్ మాట అడ్డమున్నది గదా.

సలికాలంల తెలిసింది. ప్రమోషన్ రాలే. నిమ్మకాయల వల్లనే పోయిందా, ఎట్లన్న పోయేదేనా, పెద్దోళ్ళ లెక్కలు మాకేం తెలుసు? రాజన్న కాక మాత్రం నమ్మిండు. "ఆయన నోటికాడి బుక్క నేనే గుంజుకున్న రా" అని రెండు పూటలు అన్నం ముట్టలే.

ఆఖరు దినం సాబ్ టోపీ లేకుండ వచ్చిండు. అందరికి చెయ్యిచ్చిండు. రాజన్న కాక ట్యాంకుల ఎన్క దాక్కుంటే ఎతుక్కుంట పోయి తన డబ్బా కాడికి పట్టుకొచ్చిండు. కాక ఏడ్చుకుంట నా దిక్కు మళ్ళి "చెప్పురా, బొట్టు ఎందుకు పెట్టిన్నో ఇప్పుడన్న చెప్పు" అన్నడు.

"బండి స్టార్ట్ కావాలని గదా" అన్నడు సాబ్.

"కాదు సార్. మీకు గద్ద రావాలని" అన్న, నా కాలర్ చూపించుకుంట.

సాబ్ కాక దిక్కు చూసిండు. డబ్బా మీద కూలబడ్డడు. అటెన్క నవ్విండు. ఆయన సప్పుడొచ్చేటట్టు నవ్వంగ చూసింది నేను ఆ ఒక్కసారే. "మిస్టర్ రాజన్నా, ఆడ మా ఆవిడ సుత మొక్కుతుంది. ఈ ప్రమోషన్ రావద్దని, నేను ఇంటికి రావాలని. నువ్వు గిట్ల, ఆమె గట్ల. దేవుడు ఆమె మాట ఇన్నడు, అంతే." లేచి, కాక భుజం మీద చెయ్యి ఆనిచ్చి కొద్దిసేపు నిలబడి పోయిండు.

కాక నమ్మలే. "నా మనసు నొవ్వద్దని అన్నడు, పెద్దమనిషి" అనేటోడు. ఊరికి తిరిగొచ్చినంక మళ్ళ ఏ దసరాకూ ఆయన దేనికీ బొట్టు పెట్టలే. స్పానర్లకు పెట్టలే, సైకిల్ మోటార్‌కు పెట్టలే. ఇంట్లోళ్ళు అడిగితే "నా చెయ్యి మంచిది కాదు" అనేటోడు. ఒక్క మాట, ఇన్ని ఏండ్లు.

ఇగ స్టోర్ కీపర్ ఫోన్‌ల చెప్పిన ఇంకో ముచ్చట. సాబ్ బిడ్డతోని ఆయన మాట్లాడిండట. అమెరికాకు పోయినంక మొగడు పెండ్లాం చిన్న ఇల్లు కొనుక్కున్నరట. ఆమె ఆ ఇంటి కిటికీలు కొలిచి కొత్తగ కర్టెన్లు కుట్టుకున్నదట. మరుసటేడే జబ్బు పడ్డది, పోయింది. ప్రమోషన్ వచ్చుంటే సాబ్ అప్పుడు ఇంకే దేశంలనో ఉండేటోడు. "ఒక హిందుస్తానీ మెకానిక్ బొట్టు పెట్టి నన్ను ఇంటికి తోలిండు" అని బిడ్డకు ఎన్నోసార్లు చెప్పిండట.

ఫోన్ పెట్టేసి నేను సక్కగ రాజన్న కాక ఇంటికే పోయిన. కాకకు ఇప్పుడు చెవులు ఇనపడయి. ఇసొంటి ముచ్చట చెవుల గుసగుస చెప్పేది గని, నేను వాడంత ఇనేటట్టు మొత్తుకోవలసొచ్చింది.

"కాకా! కర్నల్ సాబ్ పోయిండు!"

మంచంల లేసి కూసున్నడు. మిగిలింది సుత మొత్తుకున్న. ఇల్లు, కర్టెన్లు, జబ్బు, బిడ్డతోని చెప్పిన మాట. ఆ ఆఖరు మాట రెండుసార్లు చెప్పించుకున్నడు.

"ఆమె పొయ్యేటప్పుడు పక్కపొంటి ఉన్నడా?" అన్నడు.

"ఉన్నడు కాకా. చెయ్యి పట్టుకొనే ఉన్నడట."

కాక కండ్లు తుడుసుకున్నడు. "చల్లారెదాక ఇడిసి ఉండడు" అన్నడు మెల్లగ.

అటెన్క కోడలిని పిలిచి కుంకుమ తెమ్మన్నడు. ఆమె నా దిక్కు, ఆయన దిక్కు చూసి తెచ్చింది. మంచం కింది నుంచి స్పానర్ల పెట్టె గుంజి, బూజు దులిపి, ఏలుతోని దాని మూత మీద బొట్టు పెట్టిండు.

"రేపు పొద్దుగాల నేనే తుడుస్త" అన్నడు కోడలితోని. "అప్పటిదాక ఎవ్వలు ముట్టకుర్రి."